దుప్పటి అవతలి కొస

దుప్పటి మడతపెట్టాలంటే ఇద్దరు కావాలి. పెద్దాసుపత్రి లాండ్రీలోకి ఉతికే మిషన్లొచ్చాయి, ఆరబెట్టే మిషన్లొచ్చాయి, ఆఖరికి గుండీలు కుట్టే మిషను కూడా వచ్చింది గానీ ఈ ఒక్క పని మాత్రం చేతులకే మిగిలింది. ఈ కొసన రెండు మూలలు ఒకరు పట్టుకోవాలి, ఆ కొసన రెండు మూలలు ఇంకొకరు. ఇద్దరూ కలిసి ఒక్క దులుపు దులిపితే గుడ్డలోని ముడతలన్నీ పిట్టల్లా లేచిపోతాయి. తర్వాత మూలకి మూల చేర్చి ఒకరికేసి ఒకరు నడిచి రావాలి, వేళ్ళకి వేళ్ళు తగిలేదాకా. చూసేవాళ్ళకి అది పనిలా ఉండదు. ఇద్దరు ఏదో పాత ఆట నెమ్మదిగా ఆడుకుంటున్నట్టు ఉంటుంది.

కిటికీ పక్క బల్ల దగ్గర, అందరూ కందిరీగ అని పిలిచే ఆమె పొద్దున్నే వచ్చి మొదటి దుప్పటి అందుకుంటుంది. తన కొస తను పట్టుకుంటుంది. అవతలి కొస దానంతటదే లేస్తుంది. ఒక పొట్టి మనిషి గుండెల ఎత్తున రెండు మూలలూ గాలిలో బిగువుగా నిలబడతాయి, దులుపుకి దులుపు అందిస్తాయి, ఆవిరి మధ్యలోంచి మెత్తగా నడిచి వస్తాయి. ఆఖరి మడత వేసేముందు కాసేపు ఆగుతాయి. ఆగి, అప్పుడు వేస్తాయి.

తోపుడుబండి నెట్టే ముసలాయన ఆ బల్ల దగ్గరికి రాగానే "జరుగు తల్లీ" అని అవతలి కొసతో ఒక మాట అని, బండి పక్కకి తిప్పుకుని పోతాడు. టీ పోసే ఆమె రెండు గ్లాసులూ బల్ల మీద పెడుతుంది. రెండోది చల్లారాక తనే తాగేస్తుంది. కందిరీగ స్నేహితురాలు పావురం పోయిన మర్నాటి నుంచీ ఇలాగే జరుగుతోంది.

పావురం, కందిరీగ ఒకే బెంచీలో చదువుకున్నవాళ్ళు. పేర్లు బళ్ళో పెట్టినవే. గొంతు ఎప్పుడూ కువకువమన్నట్టు ఉంటుందని దానికి పావురం, ముట్టుకుంటే కుడుతుందని దీనికి కందిరీగ. ఆ క్లాసుకి ఒక లీడరు ఉండేవాడు. మాస్టారు బయటికెళ్ళినప్పుడు మాట్లాడినవాళ్ళ పేర్లు బోర్డు మీద రాయడం అతని పని. ఆ పని ఎంత శ్రద్ధగా చేసేవాడంటే, రోజూ అందరికంటే పైన పావురం పేరు ఉండేది. పాపం అది మాట్లాడేది కాదు. ప్రార్థన చేసుకునేది. జ్వరమొచ్చి బడికి రానివాళ్ళ కోసం, కాలు విరిగిన కుక్కపిల్ల కోసం, ఎవరో ఒకరి కోసం దాని పెదాలు కదులుతూనే ఉండేవి. లీడరు పెదాలు చూసేవాడు, పేరు రాసేవాడు. అది చెయ్యి చాపి దెబ్బలు తినేది.

"నోరు తెరిచి చెప్పవేమే, ప్రార్థన అని?" అని కందిరీగ ఒకసారి నిలదీస్తే, "దేవుడితో మాట్లాడినా మాట్లాడినట్టే కదే" అంది. చేతులు ఎర్రగా కందిపోయి ఉన్నాయి, మొహం మాత్రం నవ్వుతోంది. ఆ రోజు నుంచే కందిరీగకి ఈ లోకం మీద కోపం మొదలైందనుకోవాలి.

పెద్దయ్యాక ఇద్దరూ లాండ్రీలో చేరారు. లీడరు కూడా చేరాడు, లీడరుగానే. అద్దాల గది, తిరిగే కుర్చీ. పావురం పెదాలు మాత్రం మారలేదు. ప్రతి దుప్పటికీ, ఆఖరి మడతకి ముందు కళ్ళు మూసుకుని, దీని మీద పడుకోబోయే మనిషి లేచి ఇంటికి పోవాలని వేడుకునేది. ఒక్క దుప్పటి కూడా వదిలేది కాదు. కందిరీగ ఇవతలి కొస పట్టుకుని గొణుగుతూ నిలబడేది. ఉతకడానికొచ్చిన రోగుల చొక్కా జేబుల్లో ఏ దువ్వెనో ఏ పిల్లాడి ఫోటోనో దొరికితే, పావురం తన టీ టైములో మెట్లన్నీ ఎక్కి వార్డు వార్డూ తిరిగి, ఎవరిదో కనుక్కుని ఇచ్చి వచ్చేది. ఇంటికెళ్ళాక మంచాన పడ్డ అత్తగారికి తల దువ్వి, మొగుడి క్షౌరశాలలో నేలంతా ఊడ్చి, కూతురు గువ్వ చేత పాఠం అప్పజెప్పించుకుని, అందరూ తిన్నాక నిలబడే ఏదో ఇంత నోట్లో వేసుకునేది.

ఆ పావురానికి జ్వరమొచ్చింది. తగ్గింది, మళ్ళీ వచ్చింది. దగ్గుతూ లీడరు గది గుమ్మం పట్టుకుని సెలవడిగింది. తనిఖీకి పెద్దవాళ్ళు వస్తున్నారు, అది అయ్యాక చూద్దామన్నాడు. తనిఖీ అయింది. వచ్చినవాళ్ళు దుప్పట్ల మడతల్ని వేలితో నొక్కి చూసి భలే ఉన్నాయన్నారు. ఆ వారంలోనే పావురం పై అంతస్తు వార్డులో, తను మడిచిన దుప్పటి మీదే, కళ్ళు మూసింది.

మర్నాడు కందిరీగ ఏడ్చి ఏడ్చి వాచిన మొహంతో ఒక్కతే బల్ల దగ్గర నిలబడి దుప్పటి కొస అందుకుంది. అవతలి కొస లేచింది. మొదట్లో కందిరీగ గుండె నిండిపోయింది. హమ్మయ్య, నా పావురం ఎక్కడికీ పోలేదనుకుంది. కానీ లీడరు అద్దాల్లోంచి చూశాడు. చూసి, ఆ బల్లకి ఇంకో మనిషిని పెట్టలేదు. కొన్నాళ్ళు పోయాక కొత్తగా కట్టిన వార్డుల దుప్పట్లు కూడా ఆ బల్లకే పంపించాడు.

కందిరీగ గదిలోకి వెళ్ళి, మనిషిని పెట్టవా అని అడిగింది.

"ఎందుకే? పని ఆగట్లేదు కదా" అన్నాడు లీడరు. "ఆవిడకి ఇప్పుడు అలుపు కూడా లేదు."

ఆ మాటకి కందిరీగకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఎక్కదా మరి? ఒంట్లో ఊపిరున్నప్పుడు సెలవివ్వలేదు, ఊపిరి పోయాక కూడా ఇవ్వకపోతే ఆ మనిషి ఇంకెక్కడికి పోయి పడుకోవాలి? పొద్దుట్నుంచి సాయంత్రం దాకా అవతలి కొస లేస్తూనే ఉండేది, నడుస్తూనే ఉండేది, ఒక్కో దుప్పటి దగ్గరా ఆగి వేడుకుంటూనే ఉండేది. సాయంత్రమయ్యేసరికి ఆ మూలలు సన్నగా వణకడం కందిరీగ ఒక్కతే చూసింది. అలుపు లేదట.

అలా ఉండగా ఒక ఆదివారం క్లాసువాళ్ళందరూ కలిసి సంతాపసభ పెట్టారు. పాత బళ్ళోనే, పాత గదిలోనే. బెంచీలు చిన్నవైపోయాయి, అందరి మోకాళ్ళూ చెక్కకి కొట్టుకుంటున్నాయి. మాస్టారి బల్ల మీద పావురం ఫోటో పెట్టారు. పావురం మొగుడు, కూతురు గువ్వ ముందు వరసలో కూర్చున్నారు.

ఒక్కొక్కరే లేచి మాట్లాడారు. చెప్పుల కొట్టాయన, కోపమంటే ఏమిటో తెలియని మనిషన్నాడు. బీమా ఆవిడ, నోట్లో నాలుక లేని పిల్ల అంది. ఇంకొకాయన భూదేవిని ఇంకెక్కడా వెతకక్కర్లేదన్నాడు. ఒకరి మాటని ఒకరు అందుకుని, పావురాన్ని తడిపి, పిండి, ఇస్త్రీ చేసి, చదునుగా మడిచి పెట్టేశారు. కందిరీగకి వినేకొద్దీ ఒళ్ళు మండుకొచ్చింది. కోపం లేకపోవడమేమిటి? పోయినవాళ్ళ కిందనుంచి తీసిన దుప్పటి ఉతక్కుండానే ఇంకొకరికి పరిచేశారని తెలిసిన రోజు, ఇదే పావురం వార్డు మధ్యలో నిలబడి కిటికీ అద్దాలు అదిరేలా అరిచింది. పెద్ద డాక్టరుగారు మందుల గదిలోకి తప్పుకున్నారు. ఆ పావురం గురించి ఈ గదిలో ఒక్కరికీ తెలీదు. తెలుసుకోవాలని కూడా లేదు.

ఆఖర్న లీడరు లేచాడు. గొంతు సవరించుకున్నాడు. తన క్లాసులో ఇలాంటి మాణిక్యం ఉన్నందుకు గర్వంగా ఉందన్నాడు. "ఇన్నేళ్ళలో ఒక్క సెలవు అడిగి ఎరగదు. పోయాక కూడా సేవ మానలేదు. అటువంటి తల్లికి మనం చెయ్యగలిగిందేముంది? అందుకే ఆ తల్లి స్థానంలో కూతురికి ఉద్యోగం ఇప్పిస్తున్నాను. రేపే వచ్చి చేరొచ్చు. పని నేర్పడానికి ఎవరూ అక్కర్లేదు, అమ్మ ఉండనే ఉంది."

గదంతా చప్పట్లు. కొందరు కళ్ళు తుడుచుకున్నారు కూడా.

గువ్వకి పక్క ఊళ్ళో నర్సుల బళ్ళో సీటొచ్చింది. రేపు సోమవారం వెళ్ళి చేరకపోతే ఆ సీటు ఇంకొకరికి పోతుంది. ఆ సీటు కోసం పావురం ఎన్ని దుప్పట్ల దగ్గర అదనంగా ఒక మాట వేడుకుందో కందిరీగకి తెలుసు. "మడతపెట్టే చేతులు నాతో ఆగిపోవాలే. నా పిల్ల మంచం పక్కన నిలబడాలి" అనేది.

కందిరీగ లేచింది. మోకాలు బెంచీకి ఠంగున కొట్టుకుంది.

"అడిగింది" అంది.

అందరూ వెనక్కి తిరిగారు.

"సెలవు అడిగింది. దగ్గుకుంటూ నీ గుమ్మం పట్టుకుని అడిగింది. తనిఖీ అయ్యాక చూద్దామన్నావు. అయింది కదా, చూశావా?"

"ఇప్పుడెందుకే ఆ మాటలు, ఇలాంటి రోజున" అంది బీమా ఆవిడ.

"ఇంకే రోజున? ఉన్నప్పుడు మాట్లాడితే పేరు రాశారు. పోయాక నోట్లో నాలుకే లేదంటున్నారు. మీకేం కావాలి అసలు?"

"కూర్చో" అన్నాడు లీడరు. "ముందు నువ్వు కూర్చో." అచ్చం ఆనాటి గొంతే. బోర్డు అతని వెనకాలే ఉంది, సుద్దముక్క కూడా ఉంది. చెయ్యి అటు పోలేదు గానీ పోయినంత పనయింది.

కందిరీగ కూర్చోలేదు. అప్పుడు ముందు వరసలోంచి గువ్వ లేచి, ఎవరి మొహమూ చూడకుండా, "నేను చేరతాను సార్" అంది.

మళ్ళీ చప్పట్లు.

బయట బడి వరండాలో కందిరీగ గువ్వని పట్టుకుంది. మతి పోయిందటే, మీ అమ్మ ఎవరి కోసం అంత కష్టపడిందనుకున్నావని తిట్టింది. బతిమాలింది. గువ్వ తల వంచుకుని అన్నదంతా విని, మెల్లగా అంది:

"ఇంట్లో అమ్మ ఎక్కడా లేదు పిన్నీ. వంటింట్లో లేదు, నానమ్మ మంచం దగ్గర లేదు, తన బట్టల్లో కూడా లేదు. నీ బల్ల దగ్గర ఉంది. నువ్వు రోజూ పట్టుకుంటున్నావు. నాకొక్కసారి కూడా ఇవ్వలేదు."

కందిరీగ పావురం మొగుడి వైపు తిరిగి, నువ్వైనా చెప్పు బావా అంది. ఎప్పుడూ ఎవరి తలో నిమురుతున్నట్టుండే ఆయన చేతులు ఖాళీగా వేలాడుతున్నాయి. "నన్నేం చెప్పమంటావమ్మా? నాక్కూడా అక్కడికొచ్చి ఆ కొస ఒక్కసారి పట్టుకోవాలనే ఉంది. సిగ్గేసి రాలేదు" అన్నాడు.

ఆ రాత్రంతా కందిరీగ కోపానికి తలదాచుకునే చోటు దొరకలేదు. లీడరు మీద పడదామంటే అతను అడిగాడంతే, పిల్ల ఒప్పుకుంది. పిల్ల మీద పడదామంటే పిల్ల అడిగింది అమ్మని. చివరికి కోపమంతా తిరిగి తిరిగి పావురం మీదే పడింది. నువ్వైనా వదలకూడదటే ఆ కొస? నువ్వు వదిలి ఉంటే ఇదంతా ఉండేదా?

సోమవారం పొద్దున గువ్వ లాండ్రీకి వచ్చింది. అమ్మ వేసుకునే నీలం కోటు వేసుకుంది, దాని చేతులు మణికట్టు దాకా రాలేదు. లీడరు గదిలోంచి బయటికొచ్చి, మొదటిరోజు చూసి పోవడానికి నిలబడ్డాడు. కిటికీలోంచి పడే ఎండలో ఆవిరి పాలలా కదులుతోంది. కందిరీగ తన కొస గువ్వ చేతిలో పెట్టి పక్కకి జరిగింది.

అవతలి కొస లేచింది.

ఎప్పుడూ లేనిది, లేస్తూనే వణికింది. దులపడం మరిచిపోయింది. గువ్వే, ఎప్పటినుంచో తెలిసినట్టు, దులిపింది. మూలలు కలిశాయి. కొస నడిచి వచ్చింది, రోజూ నడిచేదానికన్నా చాలా నెమ్మదిగా, నడక అయిపోతుందేమోనని భయపడుతున్నట్టు. వేళ్ళ దగ్గరికి వచ్చి ఆగింది. గువ్వ కళ్ళు మూసుకుంది. ఏం తగిలిందో ఆ పిల్లకే తెలియాలి, చెంపలు తడిసిపోయాయి. చుట్టుపక్కల బల్లల దగ్గర పని ఆగింది. తర్వాత మడత పడింది.

"శభాష్" అన్నాడు లీడరు. "చూశారా, తల్లిని మించిపోతుంది."

గువ్వ రెండో దుప్పటి అందుకుంది. అవతలి కొస లేచింది, బిగువుగా నిలబడింది. ఈసారి నడిచి రాలేదు. వెనక్కి నడిచింది.

గుడ్డ బిగిసింది. గువ్వ ఒక అడుగు ముందుకి వేసింది. కొస ఇంకా వెనక్కి పోయింది. బల్లల మధ్యగా, ఆవిరి మిషన్ల పక్కగా, వెనకచూపు అక్కర్లేని మనిషి నడిచినట్టు తిన్నగా తలుపు వైపు పోతోంది. ముసలాయన బండి లాక్కుని దారి ఇచ్చాడు. టీ పోసే ఆమె తలుపు తెరిచి పట్టుకుంది.

"ఎక్కడికి? ఎక్కడికమ్మా?" లీడరు వెంటపడ్డాడు. "అది ఆసుపత్రి దుప్పటి!"

"బోర్డు మీద నా పేరు రాసుకో" అంది కందిరీగ, అతన్ని దాటుకుని పోతూ.

కొస వరండా దిగింది, మందుల గది దాటింది, చీటీల కిటికీ దగ్గరున్న వరసని మర్యాదగా చుట్టి వెళ్ళింది. వరసలో ఉన్నవాళ్ళు కాళ్ళు దగ్గరికి తీసుకున్నారు. గువ్వ లాగలేదు, వదల్లేదు. పెదవి బిగబట్టి వెంట నడిచింది.

గేటు దగ్గర గువ్వ నాన్న నిలబడి ఉన్నాడు. చేతిలో గువ్వ బట్టల సంచీ. రాత్రి గువ్వ విప్పేస్తే తెల్లవారకుండానే తనే మళ్ళీ సర్దాడట, ఎందుకు తెచ్చాడో తనకే తెలియదట. దుప్పటి వస్తుంటే చూసి, సంచీ కింద పెట్టి, ఒక చెయ్యి చాపాడు. కొస ఆగింది. ఆయన ఆ మూల మీద చెయ్యి వేసి, పిల్లల తల నిమిరినట్టు ఒకసారి నిమిరాడు. "వెళ్ళు" అన్నాడు. ఎవరితో అన్నాడో గానీ, ఇద్దరూ కదిలారు.

రోడ్డుకి అవతల పక్క ఊరి బస్సు నిలబడి ఉంది. ఇటు అటు వచ్చే బళ్ళు ఆగాయి. తెల్లటి దుప్పటి రోడ్డు దాటింది, ఒక కొసన పిల్ల, ఒక కొసన ఎండ. బస్సు మెట్టు దగ్గర కొస నిలిచిపోయింది.

"మడతపెట్టుకుని ఎక్కమ్మా, తొందరేం లేదు" అన్నాడు కండక్టరు.

అప్పుడు కొస గువ్వ దగ్గరికి నడిచి వచ్చింది. ఆఖరి మడతకి ముందు ఆగింది. పావురం ఎప్పుడూ అంతసేపు ఆగలేదు. డ్రైవరు హారను మీద చెయ్యి పెట్టి కూడా కొట్టలేదు. వెనకాలే వచ్చిన గువ్వ నాన్న సంచీ పట్టుకుని నిలబడ్డాడు. గువ్వ పెదాలు కూడా కదులుతున్నాయి, అచ్చం వాళ్ళ అమ్మలా. మడత పడింది. దుప్పటి గువ్వ చేతుల్లో ఒదిగి, ఉన్నట్టుండి మామూలు గుడ్డ బరువుకొచ్చేసింది.

గువ్వ దాన్ని గుండెలకి హత్తుకుని, నాన్న దగ్గర సంచీ అందుకుని బస్సెక్కింది. కిటికీలోంచి, "పిన్నీ, నానమ్మకి తల దువ్వాలి" అంది. కందిరీగ తల ఊపింది.

బస్సు మలుపు తిరిగాక కందిరీగ లాండ్రీకి వచ్చి, ఇంకో దుప్పటి తీసుకుని తన కొస పట్టుకుంది. అవతలి కొస బల్ల మీదే ఉంది. దులిపి చూసింది. నేల మీదకి జారి అక్కడే పడి ఉంది. దానికేసి చాలాసేపు చూసింది. ఏడుపు వస్తుందనుకుంది గానీ రాలేదు. "పడుకో తల్లీ" అంది. "హాయిగా పడుకో. నీ సెలవు నువ్వే తీసుకున్నావు."

పై వార్డుల నుంచి దుప్పట్లేవీ అని ఒకటే ఫోన్లు. లీడరు చొక్కా చేతులు నలిపేసుకుంటూ వచ్చాడు. ఇప్పుడెలా అన్నాడు.

"మనిషిని పెట్టు."

"పెడతాను, రేపు చూద్దాం. ఇవాళ్టికి?"

"రేపు చూద్దామంటే ఏమవుతుందో చూశాం కదా. ఇవాళ్టికి నువ్వున్నావు."

లీడరు ఇటు చూశాడు, అటు చూశాడు. ఏ బల్ల దగ్గరా ఎవరూ తల తిప్పుకోలేదు. ముసలాయన బండి ఆపి మరీ నిలబడ్డాడు. లీడరు వంగి, నేల మీది కొస తీసుకున్నాడు. దులపడం రాలేదు, మూలలు జారిపోయాయి. మళ్ళీ పట్టుకున్నాడు. వంకర టింకరగా నడిచి కందిరీగ దగ్గరికొచ్చి మడత వెయ్యబోయాడు.

"ఆగు" అంది కందిరీగ.

"మళ్ళీ ఏమిటి?"

"ఇక్కడ ఆగాలి. దీని మీద ఎవరో పడుకుంటారు. వాళ్ళ కోసం."

లీడరు నిలబడిపోయాడు. ఆ వేళ్ళలో మూలలు చెమటకి తడిశాయి. చాలాసేపటికి అతని పెదాలు కొంచెం కదిలాయి, వెంటనే ఆగాయి. ఎవరైనా చూశారేమోనని బిత్తరపోయి చుట్టూ చూశాడు.

"మాట్లాడు" అంది కందిరీగ. "ఇక్కడెవరూ పేరు రాయరులే."